అడిగే ముందు ఆరా తీద్దాం



ప్రశ్నించడం నేర్చుకోవాలని ప్రతి సభలోనూ పెద్దలు మనకు చెబుతుంటారు. మంచి మాటే. కానీ ఎలా ప్రశ్నించాలో చెప్పేవారు తక్కువ. ఈ రెండు ప్రశ్నలు చూడండి.

ఒకటి: "మాకు కాస్మెటిక్ ఛార్జీలు ఎందుకు సరిగా ఇవ్వడం లేదు?"

రెండు: "జూన్ నుంచి నవంబరు వరకు మా హాస్టల్ విద్యార్థుల కాస్మెటిక్ ఛార్జీల కింద ఏ నెలకు ఎంత మంజూరైంది? ఏ తేదీన విడుదలైంది? ఆ ఉత్తర్వుల నకళ్ళు ఇవ్వగలరు."

మొదటి ప్రశ్నకు "త్వరలో వస్తాయి" అని చెప్పి పంపేయవచ్చు. రెండోదానికి కాగితం తీయాలి. రెండూ ఒకే బాధలోంచి పుట్టినవే. కాకపోతే రెండో ప్రశ్న వేసినవారు ముందుగా కొంత ఆరా తీశారు. ఆ పని ఎలా చేయాలో సమాచార హక్కు చట్టం ఆధారంగా చెప్పుకుందాం.

కూలీలు నేర్పిన పాఠం

ఈ చట్టం 2005 అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. దీని వెనుక రాజస్థాన్ పల్లెల కూలీల పోరాటం ఉంది. ప్రభుత్వ పనులు చేసినా కనీస వేతనం చేతికి రాని కూలీలను, 1990లో ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ కూడగట్టింది. 1994 నుంచి జరిపిన బహిరంగ విచారణల్లో మస్టర్ రోల్స్‌లో, బిల్లుల్లో రాసిన లెక్కలను ఊరి జనం ముందు చదివి వినిపించారు. పనికి రానివారి పేర్లు, పూర్తికాని పనుల బిల్లులు అలా బయటపడ్డాయి. ఆ కూలీల్లో ఎందరికో అక్షరం రాదు. అయినా ఎవరు ఎన్ని రోజులు పని చేశారో, ఎంత కూలి అందిందో వాళ్ళకు తెలుసు. తమ లెక్కను కాగితంలోని లెక్కతో పోల్చి చూసి అడిగారు. ఆ ప్రశ్నకు బలం అక్కడి నుంచి వచ్చింది.

నాలుగు మెట్లు

మొదటి మెట్టు, ఇప్పటికే బయట ఉన్నదాన్ని చూడటం. సెక్షన్ 4(1)(బి) ప్రకారం ప్రతి ప్రభుత్వ కార్యాలయమూ 17 రకాల వివరాలను ఎవరూ అడగకుండానే ప్రకటించాలి. అధికారుల విధులు, బడ్జెట్ కేటాయింపులు, రాయితీ పథకాల అమలు తీరు అందులో ఉంటాయి. కనుక ముందు శాఖ వెబ్‌సైటు, కార్యాలయం నోటీసు బోర్డు, హాస్టల్ గోడమీది మెనూ పట్టిక చూడండి. అక్కడే దొరికేదాని కోసం దరఖాస్తు పెట్టి నెల రోజులు ఎదురుచూడటం దండగ.

రెండో మెట్టు, మన లెక్క మనం రాసుకోవడం. ఒక నోటుబుక్కు చాలు. తేదీ వేసి, మెనూలో ఏముంది, కంచంలోకి ఏమొచ్చింది, గుడ్డు ఇచ్చారా లేదా, ఎంతమంది భోంచేశారు అన్నది రోజూ రాయండి. "ఎప్పుడూ ఇంతే" అనే మాట కన్నా నెల రోజుల లెక్కకు విలువ ఎక్కువ. ఒక్కోసారి మన అనుమానమే తప్పని ఆ లెక్క తేల్చవచ్చు. అదీ మంచిదే. ఒక మనిషి మీద లేనిపోని నింద పడకుండా ఆగుతుంది.

మూడో మెట్టు, కాగితం ఎవరి దగ్గరుందో తెలుసుకోవడం. హాజరు, సరుకుల రిజిస్టర్ల కోసం ఒకచోట, నిధుల విడుదల ఉత్తర్వుల కోసం మరోచోట అడగాల్సి రావచ్చు. పొరపాటున వేరే కార్యాలయానికి పంపినా, సెక్షన్ 6(3) ప్రకారం వారు 5 రోజుల్లోగా సరైన చోటికి బదిలీ చేయాలి.

నాలుగో మెట్టు, ప్రశ్న రాయడం. 2011లో సి.బి.ఎస్.ఇ. కేసులో సుప్రీంకోర్టు రెండు ముఖ్యమైన సంగతులు చెప్పింది. పరీక్ష రాసిన విద్యార్థి దిద్దిన తన జవాబు పత్రాన్ని ఈ చట్టం కింద చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. అయితే కార్యాలయం తన దగ్గరున్న సమాచారమే ఇవ్వాలి తప్ప, లేనిదాన్ని తయారుచేసి ఇవ్వనక్కరలేదు, అభిప్రాయాలు చెప్పనక్కరలేదు. అందుకే "ఎందుకు" అని కాక "ఏ ఉత్తర్వు, ఏ తేదీ, ఎంత మొత్తం" అని అడగాలి. రిజిస్టరును స్వయంగా చూస్తామనీ అడగవచ్చు. ఇతరుల వ్యక్తిగత వివరాల జోలికి పోవద్దు. వాటికి సెక్షన్ 8లో మినహాయింపు ఉంది.

దరఖాస్తు తెలుగులోనే రాయవచ్చు. 2005లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన నియమాల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయాల్లో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు రుజువు జతచేస్తే రుసుము కట్టనక్కరలేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా 30 రోజుల్లోగా అదే శాఖలోని పై అధికారికి, అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

ఒక మాట మరచిపోవద్దు. ముందుగా వెతికి రాలేదనే కారణంతో మన దరఖాస్తును తిరస్కరించే అధికారం ఎవరికీ లేదు. ఎందుకు అడుగుతున్నామో చెప్పనక్కరలేదని సెక్షన్ 6(2) అంటోంది. ఈ నాలుగు మెట్లు చట్టం పెట్టిన షరతులు కావు. మన ప్రశ్న పక్కకు పోకుండా మనం చేసుకునే ఏర్పాటు.

అన్నలకు, అక్కలకు ఒక మనవి

హాస్టల్‌లో ఉంటూ హాస్టల్ లెక్కలు అడగాలంటే పిల్లలకు భయం ఉంటుంది. అది పిరికితనం కాదు. తినేది అక్కడే, పడుకునేది అక్కడే. కానీ ఈ చట్టం కింద దేశ పౌరులెవరైనా అడగవచ్చు. పిల్లలు నోటుబుక్కులో లెక్క రాస్తే, బయట ఉద్యోగాల్లో, చదువుల్లో ఉన్న పూర్వ విద్యార్థులు తమ పేరుతో దరఖాస్తు పెట్టవచ్చు. వెతికేది ఒకరు, అడిగేది మరొకరు అయినా తప్పు లేదు.

మనలో చాలామందికి ఇంట్లో దరఖాస్తు రాసిపెట్టేవారు ఉండరు. ఒక ఆఫీసుకు రెండోసారి పోవాలంటే నాన్న ఒకరోజు కూలి పోతుంది. అందుకే మొదటిసారే సరిగా అడగడం మనకు అవసరం. వచ్చిన జవాబులన్నీ ఒక ఫైలులో పెట్టి హాస్టల్ గ్రంథాలయంలో ఉంచుదాం. వచ్చే ఏడాది చేరే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మళ్ళీ మొదటి ప్రశ్న దగ్గర మొదలుపెట్టే పని ఉండదు.