పట్టణపు తడిచెత్తను పొలపు ఎరువుగా మార్చు విధము

పట్టణములకు సమీపమున భూములుగల రైతులు కొందఱు వీధిచెత్తను బండ్లతో దెచ్చి, పచ్చిగానే పొలమున వెదజల్లి దున్నుచుందురు. కొలది దినములకు పైరు పసుపువాఱును. అప్పుడు విత్తనమును, వానను నిందింతురు గాని తప్పు చెత్తయందే కలదు. ఎండుటాకులు, గడ్డి, కాగితములు హెచ్చుగాగల పచ్చిచెత్త మట్టిలో కుళ్ళునపుడు, దానిని కుళ్ళజేయు సూక్ష్మజీవులు తమ పోషణకై నేలలోని నత్రజనిని గ్రహించును. పైరునకు మిగులునది స్వల్పము. కావున చెత్త కుళ్ళవలసిన స్థలము గుంటయే గాని పొలము గాదు.

ఈ విషయమున మధ్యభారతమందలి ఇందోర్ నగరమున (నిజామాబాదునకు పూర్వనామమైన ఇందూరు గాదు) ఆల్బర్టు హోవర్డు దొరయు, యశ్వంత్ వాడ్ గారును పరిశోధనలు సలిపి 1931లో తమ పద్ధతిని ప్రకటించిరి. గాలి, తేమ, ఎండువస్తువులు, పచ్చివస్తువులు తగుపాళ్ళలో నుండుటయే దాని మర్మము. కర్బనము ముప్పదిపాళ్ళకు నత్రజని యొకపాలుండిన చెత్త త్వరగా మాగును. రైతునకు ఈ లెక్క పనిలేదు. ఒక గంప కూరతొక్కలు, మిగిలిన యన్నము మొదలగువానికి ఒకటి రెండు గంపల ఎండుటాకులు గాని ఊక గాని చేర్చిన చాలును.

నీరు నిలువని మెట్టచోట గుంట త్రవ్వవలెను. లోతు మూడడుగులకు మించరాదు, ఏలయన అంతకు క్రిందికి గాలి చొరదు. అడుగున ఎండుటాకులు జానెడెత్తు పఱచి, దానిపై తడిచెత్తను పలుచగా వేసి, పేడనీరు చల్లి, పిడికెడు పాతయెరువును, కొంచెము బూడిదను జల్లి, మరల ఎండుటాకులతో గప్పవలెను. ఇట్లే వరుసలు వేయుచు పోవలెను. పిడికిట బట్టి పిండినచో ఒకటి రెండు చుక్కలు మాత్రము రాలవలెను. నీరు ధారగా గాఱినచో తేమ హెచ్చినదని యెఱుగవలెను. దుర్వాసన వచ్చినచో గాలి చాలలేదన్నమాట. వెంటనే తిరుగవేసి ఎండుటాకులు కలుపవలెను.

రెండుమూడు దినములలో కుప్ప వేడెక్కును. ఇనుపకడ్డీని లోనికి గ్రుచ్చి కొంతసేపటికి దీసిన చేతితో పట్టుకొనజాలకుండవలెను. 55 డిగ్రీలు దాటిన యీ వేడి కొన్ని దినములు నిలిచినపుడే కలుపువిత్తనములును రోగబీజములును నశించును. అంచులనున్న చెత్తకు ఈ వేడి తగులదు గనుక, పదునైదవనాడు, నెలకు, రెండునెలలకు వెలుపలిది లోపలికి వచ్చునట్లు తిరుగవేయవలెను. ఈ శ్రమను తప్పించుకొనువారే యెక్కువ. వారి పొలమున కలుపును అంతే హెచ్చు. తిరుగవేయుటకు కూలీలు దొరకనివారు, 1939లో బెంగుళూరునందలి భారత విజ్ఞానసంస్థలో ఆచార్యగారు రూపొందించిన పద్ధతి ననుసరించి, గుంటను నింపి మట్టితో మెత్తవచ్చును. కాని దానికి మూడునెలలు చాలవు, ఆఱునెలలైనను ఓర్చుకొనవలెను.

ఇక ముఖ్యవిషయము. గాజుపెంకులు, ప్లాస్టిక్కు సంచులు, టార్చిదీపపు సెల్లులు, రంగుడబ్బాలు, మందుసీసాలు కలిసిన చెత్తను ఉచితముగా నిచ్చినను రైతు తీసికొనరాదు. సీసము, కాడ్మియము వంటి లోహములు కుళ్ళవు, ఆవిరికావు. ఒకమాఱు పొలమున బడినవి మనుమల కాలమునకును అందే యుండును. ఎరువుల నియంత్రణ ఉత్తర్వున పట్టణపు ఎరువునకు కిలో యొక్కింటికి సీసము 100 మిల్లీగ్రాములు, కాడ్మియము 5 మిల్లీగ్రాములు మించరాదని హద్దు విధింపబడినది. ఎరువైన పిదప జల్లెడపట్టిన గాజు పోవును గాని లోహము పోదు. కావున ఇంటియొద్దనే వేరుచేసిన తడిచెత్తనే కోరవలెను. తడి, పొడి, హానికర వస్తువులను గృహస్థులే వేరుచేయవలెనని 2016 నాటి నియమములలో విధించిరి.

ఆశకును ఒక హద్దు కలదు. నూఱు కుటుంబములు దినమునకు అరకిలో చొప్పున నిచ్చినచో మూడునెలలకు 4,500 కిలోల తడిచెత్త చేరును. అది మూడవవంతునకు దిగినచో 1,500 కిలోల ఎరువు. ఎకరమునకు రెండుటన్నులు వేయుదురు గావున ఇది యొక ఎకరమునకును పూర్తిగా చాలదు. కూరమడులకు, పండ్లచెట్ల పాదులకు ముందు వినియోగించుట మేలు.

ఎరువు మాగినదో లేదో తెలియుటకు, ఒక కుండలో దానిని మట్టితో సమముగా గలిపి, మఱియొక కుండలో వట్టిమట్టి నింపి, రెంట జొన్నలు చల్లవలెను. ఎరువుకుండలో మొలకలు తక్కువగా వచ్చినను, వచ్చినవి వాడినను ఆ గుంటను మరియొక నెల కదపక విడువవలెను.