కొత్త ప్రిన్సిపాలమ్మకు

అమ్మా, ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు ప్రిన్సిపాలుగా వెళ్తున్నావని విని పొంగిపోయాను. ఆ కుర్చీలో ఉండి రిటైరైనదాన్ని కనక, నాకు తెలిసిన నాలుగు ముక్కలు రాస్తున్నాను.

1. ముందు సిస్టర్ సుబ్బలక్ష్మి జీవితం చదువు. చిన్నతనంలోనే భర్త పోయిన ఆవిడ 1911లో డిగ్రీ తెచ్చుకుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో పట్టభద్రురాలైన తొలి హిందూ వితంతువు ఆవిడే. 1922లో మద్రాసులోని లేడీ విల్లింగ్డన్ ట్రైనింగ్ కాలేజీ పగ్గాలు పట్టింది. మన శ్రీకాకుళం, విజయనగరం కూడా అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే. ఆ కాలేజీని అంటిపెట్టుకుని ఒక ప్రాక్టీసు బడి ఉండేది. నన్ను కట్టిపడేసింది అదే. పిల్లల గోల వినబడని చోట పంతుళ్లు తయారవరు.

2. టీచింగ్ ప్రాక్టీసు చూడ్డానికి వెళ్తే హెడ్మాస్టారి గదిలో టీ తాగుతూ కూర్చోకు. చివరి వరసలో, పిల్లల పక్కన, కిందే కూర్చో. కిటికీలోంచి ఎండ పడి నల్లబల్ల సగం మెరుస్తూ ఉంటుంది. అక్షరాలు కనబడక ఆ మూల పిల్ల పక్కదాని పలక చూసి ఎక్కించుకుంటుంది. బల్ల దగ్గర నిలబడ్డ ట్రైనీకి ఇది తెలియదు, లెసన్ ప్లానులో ఉండదు. పాఠం మీద నీ విమర్శ ఆ పిల్లతోనే మొదలుపెట్టు. గొంతు బాగుంది, చార్టు బాగుంది అన్న మాటలు తరవాత.

3. పిల్లల యాసను దిద్దనివ్వకు. ఓ జాలరి పిల్ల రాత్రి వలలో ఏం పడ్డాయో హుషారుగా చెప్పుకుపోతోంది. మా ట్రైనీ మాటమాటకీ ఆపి పుస్తకాల తెలుగు చెప్పించింది. కాసేపటికే ఆ పిల్ల తల దించుకుని కూర్చుండిపోయింది. మన శ్రీకాకుళం జిల్లా శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు, పర్లాకిమిడిలో పని చేస్తూ అక్కడి గిరిజనుల సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టారు. అలాంటి మనిషి పుట్టిన నేల మీద పసివాళ్ల మాటను చిన్నచూపు చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది.

4. ఆడపిల్లల హాస్టల్లో నీళ్లు వస్తున్నాయా, బాత్రూము తలుపులకు గడియలున్నాయా అన్నది నువ్వే వెళ్లి చూసుకో. ఎవరికీ అప్పజెప్పకు.

5. మన పల్లెల నుంచి హైదరాబాదు, చెన్నై కట్టడాల పనులకీ, గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీదికీ జనం వలస పోతారు. పిల్లలు అమ్మమ్మల దగ్గరా నాయనమ్మల దగ్గరా మిగులుతారు. నాన్న సంతకం తేలేదని అలాంటి పిల్లను గోడ పక్కన నిలబెట్టే పంతులమ్మ నీ కాలేజీ నుంచి రాకూడదు. ప్రాక్టీసు మొదటి వారంలోనే, తన తరగతిలో ఎవరి అమ్మానాన్నలు ఎక్కడున్నారో ప్రతి ట్రైనీ చేతా రాయించు. ఆ కాగితం లేని లెసన్ ప్లాను ఫైలు మీద సంతకం పెట్టకు.