మామిడి తాండ్ర వేడి చేస్తుందా?

ప్రశ్న: మామిడిపండు వేడని మా అత్తగారు పిల్లల్ని తిననివ్వరు. మిగిలిన రసాలతో తాండ్ర పోస్తే ఆ దోషం పోతుందా?

జవాబు: అత్తగారి మాటను పూర్తిగా కొట్టెయ్యలేనమ్మా. పులుపు వదలని పండు పిత్తాన్ని రేపుతుంది. గడ్డిలో చక్కగా మాగిన తియ్యటి రసం అలా కాదు. వాతం తగ్గిస్తుంది, బలమిస్తుంది, కాకపోతే అరగడానికి బరువు. కాసేపు నీళ్లలో వేసి, ఆకలైనప్పుడు ఒకటి పెట్టండి.

తాండ్రను ‘భావప్రకాశం’ అనే ఆయుర్వేద గ్రంథం ఆమ్రావర్తం అంది. ఎండకు పొరమీద పొర ఆరుతుంది కనుక తేలికట. దాహం, వాంతి తగ్గిస్తుందట. ఆత్రేయపురంలోలా చాపమీద పలచగా పొయ్యండి. కింది పొర చేతికి అంటకుండా ఆరాకే మరో పొర. ఇక్కడ తొందరపడితే బూజు ఖాయం. బెల్లం, పంచదార ఎక్కువ కలపొద్దు. ఆరేకొద్దీ తీపి ఎలాగూ చిక్కబడుతుంది. అందుకే షుగరున్నవాళ్లకు తాండ్ర వద్దంటాను.