పొలములో పడియున్న హతుడు: విచారించువారెవరు?

పాఠభాగము: ద్వితీయోపదేశకాండము 21:1-9, ఆమోసు 1:3 – 2:3



సంఘములలో తరచుగా చదువబడని వాక్యభాగమును ఈ నెల పాఠముగా తీసికొనుచున్నాము. పొలములో ఒకడు చంపబడి పడియున్నాడు. చంపినవాడెవడో తెలియదు. అప్పుడు ఏమి చేయవలెనో మోషే ధర్మశాస్త్రము చెప్పుచున్నది. పెద్దలును న్యాయాధిపతులును అక్కడికి వచ్చి, శవము పడియున్న చోటినుండి చుట్టునున్న ఊళ్లకు దూరము కొలువవలెను. దగ్గరగా నున్న ఊరి పెద్దలు ఒక పెయ్యను తెచ్చి, దానిమీద చేతులు కడుగుకొని, ఈ రక్తమును తాము చిందింపలేదనియు, చిందించుట చూడలేదనియు యాజకుల యెదుట పలుకవలెను.

హతుని పేరు ఎవరికిని తెలియకపోవచ్చును. వాని పక్షమున అడుగువారు లేకపోవచ్చును. అయినను కొలత తప్పదు. దేవుని లెక్కకు రాని శవము లేదు. ఈ వాక్యమునకు మన కాలపు దృష్టాంతమొకటి మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడోర్ అను చిన్న దేశములో మనకు దొరకుచున్నది.

1. ఎల్ మొజోటే గ్రామము

ఆ దేశములో ప్రభుత్వ సైన్యమునకును తిరుగుబాటుదారులకును జరిగిన అంతర్యుద్ధము 1992 జనవరిలో సంధితో ముగిసెను. ఎల్ మొజోటే కొండ ప్రాంతపు పల్లెటూరు. అందులో సువార్త విశ్వాసులు అనేకులుండిరి. తాము ఏ పక్షమునను చేరలేదు గనుక తమకు హాని రాదని తలంచిరి. చుట్టుప్రక్కల పల్లెలవారు కూడ అక్కడనే క్షేమమని వచ్చి చేరిరి.

1981 డిసెంబరు 10న అట్లకాట్ల్ అను సైనిక దళము ఆ ఊరు ప్రవేశించెను. మరునాడు పురుషులను గుడిలోను, స్త్రీలను పిల్లలను ఇండ్లలోను బంధించి, గుంపులు గుంపులుగా చంపిరి. తరువాతి దినములలో చుట్టునున్న పల్లెలలోను అట్లే చేసిరి. హతులు వెయ్యిమందికి దగ్గరగా నుండిరి. రుఫీనా అమాయా అను స్త్రీ చెట్ల చాటున దాగి బ్రదికెను. ఆమె భర్తయు నలుగురు బిడ్డలును హతులైరి. 1982 జనవరిలో అమెరికా పత్రికలు రెండు ఈ సంగతి ప్రచురించినను, ఎల్ సాల్వడోర్ ప్రభుత్వము దానిని కాదనెను. ఆ సైన్యమునకు సహాయము చేయుచున్న అమెరికా ప్రభుత్వము రుజువు లేదనెను.

2. కొలత పట్టినవారు

1990లో బ్రదికి మిగిలినవారు న్యాయస్థానమున ఫిర్యాదు చేసిరి. రోమను కతోలిక సంఘపు న్యాయ సహాయ కార్యాలయము వారి పక్షమున నిలిచి, అమెరికా ఖండముల మానవ హక్కుల కమిషన్‌కు కూడ ఆ మొర చేర్చెను. తరువాత ఆర్జెంటీనా దేశమునుండి ఎముకలను పరీక్షించు నిపుణుల బృందము వచ్చెను. తమ దేశమున సైనిక పాలనలో మాయమైనవారిని వెదకుటకై 1984లో ఆ బృందము ఏర్పడెను.

వారు 1992లో గుడి ప్రక్కనున్న గది శిథిలములను మెల్లమెల్లగా త్రవ్విరి. అక్కడ 143 మంది ఎముకలు దొరకెను. వారిలో 131 మంది పండ్రెండేండ్లలోపు పిల్లలు. 245 తూటా గుండ్ల తొడుగులు దొరకెను. వాటిలో అనేకము అమెరికా కర్మాగారపు ముద్ర గలవి. కొన్ని శవముల క్రింద నేలలోనే గుండ్ల ముక్కలుండెను. నేలమీద పడియున్నవారిని కాల్చిరని దానివలన తెలిసెను. పదేండ్లు ఒక విధవరాలి నోటిమాటగా త్రోసివేయబడిన సాక్ష్యమును నేలయే స్థిరపరచెను.

పరాయి దేశపువారికి ఇందులో ఏమి పని యని కొందరడుగుదురు. ఆమోసు ప్రవక్త ఉత్తరమిచ్చుచున్నాడు. మోయాబు ఎదోము రాజు ఎముకలను కాల్చెను. ఆ నేరము ఇశ్రాయేలీయులకు విరోధముగా చేసినది కాదు. అయినను దేవుడు మోయాబును లెక్క అడిగెను. పొలిమేర దేవునికి అడ్డు కాదు. అంతటితో ప్రవక్త ఆగలేదు. యూదాను, ఇశ్రాయేలును కూడ విడువలేదు. కావున తన పక్షమువారి తప్పును కూడ కొలువనివాడు న్యాయముగా కొలుచువాడు కాడు.

3. క్షమించుట ఎవరి హక్కు?

ఐక్యరాజ్య సమితి ఆధ్వర్యమున ఏర్పడిన సత్య విచారణ సంఘము 1993 మార్చి 15న తన నివేదికను వెలువరించెను. అయిదు దినములకే ఆ దేశపు శాసనసభ నేరస్థులందరికి క్షమాభిక్ష చట్టము చేసెను. క్రైస్తవులమైన మనకు ఇది మేలుగా తోచవచ్చును. క్షమించుమని ప్రభువు నేర్పెను గదా! అయితే సిలువమీద క్షమించినవాడు తానే గాయపడినవాడు. రుఫీనా బిడ్డలను చంపినవారిని రుఫీనాకు బదులుగా శాసనసభ క్షమింపగలదా? జక్కయ్య రక్షణ పొందిన దినమున లెక్క చెప్పి తిరిగి ఇచ్చెను. సత్యమును పాతిపెట్టి దానిమీద క్షమాపణ యని వ్రాసినయెడల అది క్షమాపణ కాదు, రెండవ సమాధి.

2012 జనవరిలో ఆ దేశాధ్యక్షుడు ఆ గ్రామమునకు వచ్చి రాజ్యము పక్షమున క్షమాపణ వేడెను. అదే సంవత్సరము అక్టోబరులో అమెరికా ఖండముల మానవ హక్కుల న్యాయస్థానము ఎల్ సాల్వడోర్ రాజ్యమును దోషిగా తీర్చి, విచారణ జరుపవలెనని ఆజ్ఞాపించెను. 2016లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము క్షమాభిక్ష చట్టమును కొట్టివేసెను. కేసు తిరిగి తెరువబడెను. 2021లో అరువదేండ్లు దాటిన న్యాయాధిపతులను తొలగించు చట్టము వచ్చి, ఆ కేసు విచారించుచున్న న్యాయాధిపతి కూడ దానివలన తొలగింపబడెను. రుఫీనా ఇవేవియు చూడక 2007లో మరణించెను. అయినను ఆమె సాక్ష్యము నిలిచియున్నది. న్యాయాధిపతి యొద్దకు మానక వెళ్లిన విధవరాలిని లూకా 18లో ప్రభువు మనకు చూపలేదా?

4. మనకు పాఠము

మనము న్యాయవాదులము కాము, ఎముకలు చదువు నిపుణులమును కాము. అయినను ఊరి దగ్గర హత్య జరిగినప్పుడు మేము చూడలేదని చేతులు కడుగుకొనుటకు ముందు, నిజముగా చూడలేదా యని దేవుడు మనలను అడుగును. చూచినది చెప్పుదము. చెప్పువారిని ఒంటరిగా విడువకుందము. పరాయివాని గాయమును మానుపుమని, బాధపడినవాని బదులుగా మనము పలుకకుందము.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు:
1. కొలుచుటకు పెద్దలు ఎందుకు స్వయముగా వెళ్లవలసి వచ్చెను?
2. సమాధానము పేరట మనము ఏ సత్యమును దాచితిమి?

ప్రార్థన: నీతిగల న్యాయాధిపతీ, యుద్ధములలో హతులైన బిడ్డలను నీవు పేరు పేరున ఎరుగుదువు. సాక్షులకు ధైర్యమును, విచారించువారికి ఓర్పును, చేసినవారికి పశ్చాత్తాపమును, మాకు నిజము పలుకు నోటిని దయచేయుము. ఆమేన్.