సూరత్ కోట: రాతి గోడలో సీసం ఎందుకు పోశారు?

సూరత్ నగరంలోని లింబాయత్‌లో మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, తాపీ నది ఒడ్డున, గుండ్రటి బురుజులున్న పాత కోట కనిపిస్తుంది.

1530లో పోర్చుగీసు సేనలు సూరత్ రేవును తగలబెట్టాయి. అలాంటి దాడులను అడ్డుకోవడానికే గుజరాత్ సుల్తాన్ మూడో మహమూద్ షా 1540ల్లో ఈ కోట కట్టించాడు. నిర్మాణ బాధ్యత ఖుదావంద్ ఖాన్‌ది. రాళ్లను ఇనుప పట్టీలతో బిగించి, సందుల్లో కరిగిన సీసం పోశారని చరిత్రకారులు రాశారు.

సీసమే ఎందుకు? ఇనుముకు నీరు, గాలి తగిలితే తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రాతి లోపల ఆ ఒత్తిడి పెరిగితే రాయే పగులుతుంది. సీసం 327 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతుంది కాబట్టి సందుల్లో పోయడం తేలిక. అది ఇనుముకు తడి తగలకుండా అడ్డుపడుతుంది. మెత్తటి లోహం కావడంతో, ఎండకు రాళ్లు వ్యాకోచించినా సర్దుకుంటుంది.

ఈ జాగ్రత్తను విస్మరిస్తే ఏమవుతుందో ఏథెన్స్‌లోని పార్థెనాన్ చెబుతుంది. ప్రాచీన గ్రీకులు అక్కడ ఇనుప పట్టీల చుట్టూ సీసం పోశారు. 20వ శతాబ్దం మొదట్లో మరమ్మతులు చేసినవారు సీసం లేకుండానే ఇనుము వాడారు. కొన్ని దశాబ్దాల్లోనే తుప్పు ఉబ్బి పాలరాయి చీలింది. ఇప్పుడు వాటిని తీసి, తుప్పు పట్టని టైటానియం పెడుతున్నారు.

సిమెంటుదీ ఇలాంటి కథే. పాత రాతి గోడకు గట్టి సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి పోలేదు. తేమలోని ఉప్పు రాతిలోనే స్ఫటికాలుగా పేరుకుని, పొరలు పొరలుగా రాలగొడుతుంది. డంగు సున్నం అలా కాదు. గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది, తేమను మాత్రం బయటికి వదులుతుంది. అందుకే పురాతన కట్టడాల పరిరక్షణలో సున్నానికే మొగ్గు.

1759లో ఆంగ్లేయుల చేతికి వెళ్లిన సూరత్ కోటలో తర్వాత చాలాకాలం ప్రభుత్వ కార్యాలయాలు నడిచాయి. ఇటీవల నగరపాలక సంస్థ దశలవారీగా పునరుద్ధరించి, ప్రదర్శనశాలగా మార్చింది. చూడటానికి వెళ్తే వస్తువులతో పాటు గోడలనూ గమనించండి. పాత కట్టడం బాగుందా లేదా అన్నది పైమెరుగు చెప్పదు; నీరు ఎటు వెళ్తోందో చూస్తే తెలుస్తుంది.