ఒక పంపు - ఆరు తొట్లు

తెల్లవారుజామున లేచి చేపల తొట్టిని ఎప్పుడైనా పరిశీలించారా? ఒక్కోసారి చేపలన్నీ నీటి పైభాగానికి చేరి, నోళ్లు తెరుస్తూ మూస్తూ కనిపిస్తాయి. "పాపం, ఆకలేస్తున్నట్టుంది" అని చాలామంది చిటికెడు మేత చల్లుతారు. నిజానికి ఆ చేపలు అడుగుతున్నది మేత కాదు, గాలి! తినగా మిగిలిన మేత నీటిలో కుళ్లుతుంది. కుళ్లడానికి కూడా ఆక్సిజనే ఖర్చవుతుంది. అంటే ఉపకారం చెయ్యబోయి మనం అపకారం చేస్తున్నామన్నమాట.

తెల్లవారుజామునే ఎందుకిలా జరుగుతుంది? పగటిపూట తొట్టిలోని మొక్కలు వెలుతురులో ఆహారం తయారు చేసుకుంటూ ఆక్సిజన్ వదులుతాయి. రాత్రిపూట ఆ పని ఆగిపోతుంది. కాని శ్వాసక్రియ ఆగదు. చేపలూ, మొక్కలూ, కంటికి కనిపించని సూక్ష్మజీవులూ రాత్రంతా ఆక్సిజన్ వాడుకుంటూనే వుంటాయి. కనుక సూర్యోదయానికి ముందు నీటిలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా వుంటుంది.

నీటిలో గాలి ఎంత?

మనం పీల్చే గాలిలో అయిదోవంతు ఆక్సిజన్. ఒక లీటరు గాలిలో అది సుమారు 270 మిల్లీగ్రాములుంటుంది. మరి ఒక లీటరు నీటిలో? 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 9 మిల్లీగ్రాములు మాత్రమే కరిగి వుంటుంది. 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నర మిల్లీగ్రాములకు పడిపోతుంది. నీరు వేడెక్కిన కొద్దీ వాయువులు తక్కువగా కరుగుతాయి. కాని వేడెక్కిన నీటిలో చేపకు ఆక్సిజన్ మరింత ఎక్కువ కావాలి. మన వేసవిలో చేపలకు వచ్చే కష్టం ఇదే.

కొరమీను, గౌరామి వంటి కొన్ని చేపల సంగతి వేరు. వాటికి మొప్పలతోపాటు గాలిని నేరుగా పీల్చుకునే ప్రత్యేక అవయవం వుంటుంది. అవి అప్పుడప్పుడూ పైకి వచ్చి గాలి గుటక వేయడం సహజం. బంగారు చేపలూ, గప్పీలూ అదేపనిగా పైనే తచ్చాడుతుంటే మాత్రం అనుమానించాలి.

మొక్కలనూ చేపలనూ నత్తలనూ ఒకే తొట్టిలో వుంచి, ఒకదానికొకటి తోడ్పడేలా చెయ్యవచ్చని రాబర్ట్ వారింగ్టన్ అనే ఆంగ్ల రసాయన శాస్త్రజ్ఞుడు 1850లో తెలియజేశాడు. పెద్ద తొట్టిలో రెండు మూడు చేపలుంటే ఈ పద్ధతి చాలు. చేపలు ఎక్కువైతే మాత్రం మనం గాలి అందించక తప్పదు.

బుడగలు చేసే పని

తొట్టి అడుగున గాలిరాయి పెట్టి పంపుతో గాలి పంపితే బుడగలు లేస్తాయి. ఆ బుడగల్లోని ఆక్సిజనే నీటిలో కరిగిపోతుందని మనం అనుకుంటాం. కొంత కరిగే మాట నిజమే. కాని 30 సెంటీమీటర్ల లోతునుంచి బుడగ పైకి రావడానికి ఒకటి రెండు సెకండ్లు చాలు. అంత తక్కువ వ్యవధిలో ఎంత కరుగుతుంది?

అసలు మేలు మరోచోట వుంది. కదలని నీటిలో ఆక్సిజన్ తనంతట తాను ఒక్క సెంటీమీటరు లోపలికి వ్యాపించడానికే గంటలు పడుతుంది. బుడగలు పైకి లేస్తూ అడుగునీటిని తమతో తీసుకువస్తాయి. ఆ నీరు పైకి వచ్చి గాలిని తాకి, ఆక్సిజన్ తీసుకుని, బొగ్గుపులుసు వాయువును వదిలి, మళ్లీ కిందికి పోతుంది. కవ్వం మజ్జిగను తిప్పినట్టు బుడగలు నీటిని తిప్పుతాయి.

బుడగలు చిన్నవైతే మరో లాభం కూడా వుంది. ఒక సెంటీమీటరు వ్యాసంగల బుడగను ఒక మిల్లీమీటరు వ్యాసంగల బుడగలుగా విడగొడితే వెయ్యి బుడగలవుతాయి. గాలి అంతే, కాని నీటిని తాకే వైశాల్యం పది రెట్లవుతుంది. లెక్కవేసి చూసుకోండి.

తొట్లు ఎక్కువైతే?

ఒక పాఠశాల సైన్సు గదిలో ఆరు తొట్లు వున్నాయనుకుందాం. ఒకదానిలో బంగారు చేపలు, ఒకదానిలో పిల్లలు పెట్టే గప్పీలు, ఒకదానిలో కప్పపిల్లలు, ఇలా. ఒక్కొక్కదానికి ఒక్కొక్క పంపు పెడితే ఆరు ప్లగ్గులు, ఆరు తీగలు, ఆరు రొదలు. దానికి బదులు ఒకే పెద్ద పంపు పెట్టి, ఒక లావుపాటి గొట్టంనుంచి ఆరు సన్నగొట్టాలు తీస్తే సరిపోతుంది కదా! సరిపోతుంది. అయితే దానికి రెండు సూత్రాలు తెలిసి వుండాలి.

మొదటి సూత్రాన్ని ప్రయోగం చేసి తెలుసుకుందాం. ఇంగ్లీషు "టి" అక్షరం ఆకారంలో వుండే గొట్టపు ముక్కకు మూడు సన్నని రబ్బరు గొట్టాలు తొడగండి. ఒకదాని చివర పొడుగుపాటి గ్లాసు నీటిలో 5 సెంటీమీటర్ల లోతున, రెండోదాని చివర మరో గ్లాసులో 10 సెంటీమీటర్ల లోతున వుంచండి. మూడోదానినుంచి మెల్లగా ఊదండి. బుడగలు ఎక్కడ వస్తాయి? లోతు తక్కువ వున్న గ్లాసులోనే! రెండోదానిలో ఒక్క బుడగైనా రాదు. ఇప్పుడు మొదటి గొట్టాన్ని వేళ్లతో కొద్దిగా నొక్కిపట్టి ఊదండి. రెండో గ్లాసులో కూడా బుడగలు మొదలవుతాయి.

కారణం ఏమిటి? లోతు పెరిగిన కొద్దీ నీటి పీడనం పెరుగుతుంది. సుమారు 10 మీటర్ల లోతు నీరు ఒక వాతావరణ పీడనానికి సమానం. తొట్టిలోని తేడా అందులో ఏపాటి? అయినా గాలికి ఆ కాస్త తేడా చాలు. తేలికైన దారి వుండగా అది కష్టమైన దారిన పోదు. 20 సెంటీమీటర్ల తొట్టినీ 45 సెంటీమీటర్ల తొట్టినీ ఒకే గొట్టానికి తగిలిస్తే, లోతు తక్కువ తొట్టి కుతకుత ఉడుకుతున్నట్టుంటుంది, రెండోది నిశ్శబ్దంగా వుంటుంది. అందుకే ప్రతి సన్నగొట్టానికీ ఒక చిన్న కవాటం వుండాలి. మీ వేళ్లు చేసిన పనే అది చేస్తుంది. కవాటాలను సరిచేసేటప్పుడు లోతైన తొట్టిదాన్ని పూర్తిగా తెరిచి, మిగిలినవాటిని కొద్దికొద్దిగా బిగించుకుంటూ రావాలి.

రెండో సూత్రం గొట్టం లావుకు సంబంధించినది. సన్నని గొట్టాల్లో ద్రవాల ప్రవాహాన్ని 1840 ప్రాంతంలో పాయిజే అనే ఫ్రెంచి వైద్యుడు పరిశోధించాడు. ఆయనకు కావలసింది రక్తనాళాల్లో రక్తం ఎలా ప్రవహిస్తుందో తెలుసుకోవడం. గొట్టం వ్యాసం సగమైతే, నిలకడగా సాగే ప్రవాహానికి ఎదురయ్యే నిరోధం రెండు రెట్లు కాదు, పదహారు రెట్లవుతుందని ఆయన ప్రయోగాలు తేల్చాయి. మన తొట్ల గాలికీ ఇదే వర్తిస్తుంది. 4 మిల్లీమీటర్ల గొట్టానికి బదులు 16 మిల్లీమీటర్ల గొట్టం వాడితే నిరోధం 256 రెట్లు తగ్గుతుంది. కనుక ప్రధాన గొట్టం అరంగుళం పి.వి.సి. పైపు అయితే మేలు. దాని రెండు కొసలనూ కలిపి గది చుట్టూ వలయంలా బిగిస్తే గాలి రెండు వైపులనుంచీ అందుతుంది. పంపుకు దూరంగా వున్న తొట్టికి కూడా అన్యాయం జరగదు.

ఎంత గాలి కావాలి?

చిన్న తొట్టిలోని ఒక రాయికి నిమిషానికి ఒక లీటరు గాలి ఇద్దామనుకుందాం. ఆరు తొట్లకు ఆరు లీటర్లు. రాళ్లు పూడుకుపోవడం, కీళ్లలో గాలి కారడం వుంటాయి కనుక తొమ్మిది పది లీటర్ల పంపు తీసుకోవాలి. పంపుమీద వేసిన అంకె చాలాసార్లు ఏ అడ్డూ లేనప్పటిది. లోతుకు నెట్టవలసి వచ్చినప్పుడు అంత గాలి రాదు. మిగిలిన గాలి బయటకు పోవడానికి ప్రధాన గొట్టానికి ఒక అదనపు కవాటం పెట్టాలి. అలా కాక అన్ని కవాటాలూ బిగించేస్తే, పంపులో కొట్టుకునే రబ్బరు పొరపై భారం పడి అది త్వరగా చిరుగుతుంది.

రాయికి అందే గాలిని మీరే కొలవవచ్చు. పంపు ఆపి వుండగా, లీటరు సీసాను నీటితో నింపి, మూతి మాత్రమే తొట్టి నీటిలో మునిగేటట్టు రాయికి సరిగ్గా పైన తలకిందులుగా పట్టుకోండి. మీ చెయ్యి నీటికి తగలకూడదు. ఇంకొకరిని పంపు వెయ్యమనండి. సీసా 60 సెకండ్లలో గాలితో నిండితే నిమిషానికి ఒక లీటరు, 30 సెకండ్లలో నిండితే రెండు లీటర్లు.

ఉమ్మడి సంసారంలో జాగ్రత్తలు

ఒకే పంపు అంటే ఆరు తొట్ల ప్రాణమూ ఒక్కచోటే వుందన్నమాట. పంపు తన చుట్టూ వున్న గాలినే పీల్చి పంపుతుంది. ఆ గదిలో దోమల మందు వెలిగించినా, పురుగుల మందు కొట్టినా ఆ ఆవిరి ఆరు తొట్లకూ చేరుతుంది. మనుషులకు అంతగా హాని చెయ్యని అల్లెత్రిన్ జాతి మందులు చేపలకు కాలకూట విషం. కనుక పంపును శుభ్రమైన గాలి వచ్చేచోట వుంచాలి. టైర్లకు గాలి కొట్టే నూనె కంప్రెసర్లు ఇందుకు పనికిరావు. వాటి గాలితో నూనె తుంపరలు కూడా వస్తాయి.

పంపూ, ప్రధాన గొట్టమూ అన్ని తొట్ల నీటిమట్టంకంటే ఎత్తులో వుండాలి. ఎందుకంటే కరెంటు పోయినప్పుడు నీరు సన్నగొట్టంలోకి ఎక్కుతుంది. పంపు కిందవుండి, నీరు ఒకసారి తొట్టి అంచు దాటిందంటే, సైఫన్ మొదలై నీరంతా పంపులోకి పోతుంది. విద్యుత్తు, నీరు కలిస్తే ఎంత ప్రమాదమో మీకు చెప్పనక్కరలేదు. ప్రతి గొట్టానికీ గాలిని ఒకే దిక్కుగా పోనిచ్చే కవాటం పెడితే రెట్టింపు రక్షణ. పంపు తీగ ప్లగ్గుకంటే కిందికి వేలాడి, మళ్లీ పైకి వెళ్లేలా వుంచాలి. తీగవెంట జారిన నీటిచుక్క ఆ వంపులోనే కింద పడిపోతుంది. ప్లగ్గు పనులు పెద్దలే చెయ్యాలి. తొట్టిలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గు తీసేయాలి.

కరెంటు చాలాసేపు రాకపోతే? మేత వెయ్యకండి. తొట్టి నీటినే చెంబుతో ముంచి, జానెడు ఎత్తునుంచి సన్నని ధారగా మళ్లీ తొట్టిలోనే పోయండి. పది నిమిషాలకోసారి ఇలా చేస్తుంటే చాలా చేపల ప్రాణాలు నిలుస్తాయి. బ్యాటరీతో నడిచే చిన్న పంపు సిద్ధంగా వుంటే ఇంకా మంచిది.

ఇదంతా ఆటవస్తువుల వ్యవహారం అనుకోకండి. మన కోస్తా తీరంలోని రొయ్యపిల్లల ఉత్పత్తి కేంద్రాల్లో పెద్ద బ్లోయరునుంచి పైపులద్వారా తొట్లన్నిటికీ ఇదే పద్ధతిలో గాలి అందిస్తారు. భీమవరం ప్రాంతపు చెరువుల్లో తిరిగే తెడ్లచక్రాలు చేసేదీ ఇదే, నీటిని గాలితో కలపడం.

మీ కోసం ఒక ప్రశ్న. 20, 30, 45 సెంటీమీటర్ల లోతున రాళ్లున్న మూడు తొట్లను కవాటాలు లేకుండా ఒకే గొట్టానికి కలిపారు. గొట్టంలో పీడనం 35 సెంటీమీటర్ల నీటికి సమానంగా వుంది. ఏ తొట్లలో బుడగలు వస్తాయి? దేనిలో రావు? ఆలోచించి, మీ స్నేహితులకు కారణంతో సహా వివరించండి.