జిల్లా గీత మారితే లెక్క ఏమవుతుంది?

1975లో మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు దేశంలో ఆరు మెట్ట పల్లెలను ఎంచుకుని ఇంటింటి వివరాలు సేకరించడం మొదలుపెట్టారు. వాటిలో రెండు పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ జిల్లావి: ఔరేపల్లి, డోకూర్. ఇన్వెస్టిగేటర్లు ఊళ్లోనే మకాం పెట్టి, ఎవరికి ఎంత పండింది, ఎవరు ఎక్కడ అప్పు తెచ్చారు, ఎవరు కూలికి పోయారు అన్నది ఏళ్ల తరబడి రాసుకున్నారు. ఆ లెక్కలు పట్టుకునే అమెరికా ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ‘ఎకనోమెట్రికా’ పత్రికలో, రాబడి పడిపోయిన ఏడాది పల్లె కుటుంబాలు ఎలా నెట్టుకొస్తాయో పరిశీలిస్తూ వ్యాసం రాశారు. ఔరేపల్లి పేరు అలా విదేశీ తరగతి గదులకు చేరింది.

ఇప్పుడు ఔరేపల్లి పాలమూరులో లేదు. 2016 అక్టోబర్ 11న తెలంగాణలో పది జిల్లాలు 31 అయినప్పుడు మాడ్గుల మండలంతో పాటు రంగారెడ్డికి వెళ్లిపోయింది. అదే రోజు నల్గొండలోంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వచ్చాయి. మహబూబ్‌నగర్‌లోంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా విడిపోయింది. 2011 జనగణన పట్టికలు మాత్రం పాత జిల్లాల ప్రకారమే ఉన్నాయి. ‘మహబూబ్‌నగర్ జిల్లా’ పేరుతో అప్పటి అంకెను, ఇప్పటి అంకెను పక్కపక్కన పెట్టి వలస తగ్గిందనో పెరిగిందనో రాస్తే అది తప్పుడు లెక్క. ఆ రెండూ ఒకే నేలవి కావు. ఊరూరా, మండలం మండలం లెక్కను మళ్లీ పేర్చుకోవాలి. రాజకీయ భూగోళశాస్త్రంలో పరిశోధన చేయాలనుకునేవారు ఈ పనితో మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం.

అధికారం నేలను ఎలా విభజిస్తుంది, ఆ గీత వల్ల ఎవరికి నీళ్లొచ్చాయి, ఎవరి ఓటు ఎటు పోయింది అన్నదే ఈ శాస్త్రం చూసేది. మన దగ్గర ఇందుకు కొదవే లేదు. నల్గొండ జిల్లాలోనే నాగార్జునసాగర్ ఉన్నా, మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ మెట్టల్లో జనం ఫ్లోరైడ్ నీళ్లే తాగారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నీళ్ల కోసం నిరసనగా నల్గొండ స్థానంలో ఏకంగా 480 మంది పోటీకి దిగారు, పోలింగ్ వాయిదా పడింది. అదే ఏడాది చట్టం మార్చి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను రూ. 500 నుంచి రూ. 10,000కు పెంచారు. ఒక కరువు ప్రాంతపు గోడు దేశం మొత్తం ఎన్నికల నిబంధనలో తేలింది. 2008 పునర్విభజనలో మిర్యాలగూడ లోక్‌సభ స్థానమే పోయి భువనగిరి వచ్చింది. వీటిలో ఏ ఒక్కటి పట్టుకున్నా పీహెచ్‌డీకి సరిపోతుంది.

చదువు దారి తేలికగానే ఉంది. పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి ఉస్మానియాలో పీజీ చేయవచ్చు. యూజీసీ నెట్‌లో భూగోళశాస్త్రం కోడ్ 80. పరిశోధన భృతి జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు రూ. 37,000. సివిల్స్‌లో భూగోళశాస్త్రం ఆప్షనల్‌గా తీసుకునేవారికీ ఈ చదువు కలిసొస్తుంది. పటాలు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం. 2011 జిల్లా జనగణన పుస్తకంలోని గ్రామాల పట్టికను తెచ్చి, ఒక్క మండలాన్ని ఇప్పటి హద్దులకు సరిపోల్చి చూడండి. ఊరి పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంటుంది, అందుకే జనగణన గ్రామ కోడ్‌తో జత చేయాలి. దాంతోపాటు పహాణీ, సేత్వార్, గ్రామ నక్షా వంటి భూమి రికార్డులు చదవడం నేర్చుకోండి. బయటి ప్రొఫెసర్‌కు రానిది, మీకు ఇంట్లో పెద్దల దగ్గరే దొరికేది ఇదే.

ఉమ్మడి పరిశోధన గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఉస్మానియా ఆచార్యుడు ఎస్. మంజూర్ ఆలం ఆధ్వర్యంలో 1970లలో ఆంధ్రప్రదేశ్ ప్రణాళికా అట్లాస్ తయారైంది. దానికి సర్వే ఆఫ్ ఇండియా చేయి కలిపింది. విశ్వవిద్యాలయానికి విశ్లేషణ వచ్చు, ఆ సంస్థకు పటం గీయడం, అచ్చువేయడం వచ్చు. ఒకరి దగ్గర లేనిది ఇంకొకరి దగ్గర ఉన్నప్పుడే పొత్తు నిలుస్తుంది. మీరు కూడా ప్రొఫెసర్‌కు మెయిల్ రాసేటప్పుడు “మీ దగ్గర పనిచేయాలని ఉంది” అనడంతో ఆపకండి. మీరు సరిచేసిన మండలం పటాన్ని, దాంతో అడగదగ్గ ఒక్క ప్రశ్నను జత చేయండి.

పరిశోధన ప్రభావం అంటే సైటేషన్ల సంఖ్య అనుకుని తొలి ఏళ్లలోనే డబ్బు తీసుకుని అచ్చువేసే పత్రికల పాలు కావొద్దు. నమ్మదగ్గ పత్రికలను చూపే యూజీసీ-కేర్ జాబితాను 2025లో ఎత్తేశారు. కాబట్టి పత్రిక మంచిచెడులు మీరే, మీ గైడ్‌తో కూర్చుని చూసుకోవాలి. సరిచేసిన డేటాను అందరికీ తెరిచిపెడితే దాన్ని వాడుకున్నవాళ్లు మీ పేరు రాయక తప్పదు. ఔరేపల్లి లెక్కలు యాభై ఏళ్లుగా బతికున్నది అలాగే.

మన పిల్లలకు ఎక్కువగా జరిగే అన్యాయం ఒకటి ఉంది. బయటి నుంచి వచ్చిన బృందానికి ఊళ్లు చూపించి, మాట అనువదించి, ప్రశ్నాపత్రాలు నింపి, చివరకు కృతజ్ఞతల పేజీలో ఒక పంక్తితో సరిపెట్టుకుంటున్నారు. సర్వే మొదలుకాక ముందే సహరచయితగా మీ పేరు ఏ పరిస్థితిలో ఉంటుందో, డేటా మీ థీసిస్‌కు వాడుకోవచ్చో లేదో మెయిల్‌లో రాయించుకోండి. మొహమాటపడకండి, పేరున్న విశ్వవిద్యాలయాల్లో ఇది మామూలుగా అడిగే విషయమే.